పది నెలల అమ్మానాన్నలు



దూరదేశాల నుంచి శంషాబాద్‌కు వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో దిగుతాయి. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. అప్పటి నుంచీ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం బయట నిద్ర చాలని కళ్లతో ఎదురుచూసే కుటుంబాలు లేని రాత్రి లేదు. దుబాయి నుంచి వచ్చే కొడుకు కోసం జగిత్యాల నుంచి బండి మాట్లాడుకుని వచ్చినవాళ్లుంటారు. అమెరికాలో పుట్టిన మనవరాలిని మొదటిసారి ఎత్తుకుందామని వచ్చిన అమ్మమ్మలుంటారు. బడులు తెరిచే రోజుల్లో వీళ్ల మధ్య మరో రకం కుటుంబం కూడా నిలబడి ఉంటుంది. వాళ్ల చేతిలోని అట్టముక్క మీద ఒక ఇటాలియన్ పేరో, జర్మన్ పేరో, బ్రెజిల్ పేరో రాసి ఉంటుంది. ఆ పేరుగల పిల్లను వాళ్లెన్నడూ ఎదురుగా చూడలేదు. ఫోన్‌లో ఫొటో చూశారు, వీడియో కాల్‌లో కాస్త మాట్లాడుకున్నారు, అంతే. ఆ పిల్ల బ్యాగులు తోసుకుంటూ బయటికి వచ్చిన క్షణం నుంచి దాదాపు పది నెలలపాటు ఇక్కడ ఆమెకు అమ్మానాన్న వాళ్లే.

ఇలాంటి ఇంటిని హోస్ట్ ఫ్యామిలీ అంటారు. వచ్చే పిల్లలు పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల వయసువాళ్లు. ఇక్కడి బడిలో చదువుతారు, ఇక్కడి ఇంట్లో తింటారు, ఇక్కడి వానలో తడుస్తారు.

ఈ ఏర్పాటు వయసు నూరేళ్లకు దగ్గరపడుతోంది. రోటరీ సంఘం వాళ్లు యూరప్‌లో పిల్లల్ని ఒకరి దేశం నుంచి మరొకరి దేశానికి పంపుకోవడం 1920ల చివర మొదలైంది. 1932లో అమెరికాలో డోనాల్డ్ వాట్ 'ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్' అనే సంస్థను ప్రారంభించారు. ఒక దేశం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా, ఆ దేశంలో ఒక ఇంట్లో ఉండి చూస్తే తెలిసేది వేరని ఆయన నమ్మకం. వీటన్నిటిలో మనసును పట్టుకునే కథ మాత్రం ఏఎఫ్ఎస్ సంస్థది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులను అంబులెన్సుల్లో చేరవేయడానికి ముందుకొచ్చిన అమెరికన్ యువకుల సేవాదళం అది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ అదే పని చేసింది. దాని డ్రైవర్లు కొందరు మన ఈశాన్య సరిహద్దులో, బర్మా యుద్ధరంగంలో కూడా బండ్లు నడిపారు. యుద్ధం ముగిశాక వాళ్లు బండ్లు పక్కనపెట్టి పిల్లల్ని ఇళ్లకు చేర్చే పనికి పూనుకున్నారు. 1947లో పది దేశాల నుంచి 52 మంది విద్యార్థులు అమెరికన్ కుటుంబాల్లో ఉండి చదువుకోవడానికి వెళ్లారు. కళ్లముందు అంతమంది చావును చూసినవాళ్లకు ఈ పని ఎందుకు తోచిందో విడమరిచి చెప్పనక్కరలేదు.

మన రాష్ట్రంలో ఈ పిల్లలు ప్రధానంగా రెండు దారుల్లో వస్తారు. ఒకటి రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్. హైదరాబాద్ క్లబ్బులు రోటరీ 3150 జిల్లా కిందికి వస్తాయి. రెండోది ఏఎఫ్ఎస్ ఇండియా. కాలేజీ వయసువాళ్ల దారి వేరు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998 నుంచి 'స్టడీ ఇన్ ఇండియా' కార్యక్రమం నడుపుతోంది. గచ్చిబౌలి క్యాంపస్‌లో విదేశీ విద్యార్థుల కోసమే టాగోర్ ఇంటర్నేషనల్ హౌస్ ఉంది. అక్కడ ఉండే విద్యార్థికి వార్డెన్ ఉంటారు, మెస్ ఉంటుంది. పదహారేళ్ల పిల్లకు అవి చాలవు. పొద్దున నిద్ర లేపేవాళ్లు కావాలి, ముఖం వాడిపోతే ఏమైందని అడిగేవాళ్లు కావాలి.

ఈ పనికి డబ్బు రాదు. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి. ఏఎఫ్ఎస్‌లోనూ రోటరీలోనూ హోస్ట్ ఫ్యామిలీ స్వచ్ఛందంగానే పిల్లను ఇంట్లో పెట్టుకుంటుంది. ప్రయాణం, బీమా వంటి ఖర్చులు పిల్లల తరఫువాళ్లో కార్యక్రమంవాళ్లో చూసుకుంటారు. తిండి, పడక, కనిపెట్టి చూసుకోవడం ఇంటివాళ్ల వంతు. అమెరికాలో అయితే ఇలాంటి కుటుంబానికి నెలకు 50 డాలర్ల వరకు ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు ఉంది. ఎవరూ ఆ యాభై డాలర్ల కోసం ఒక పిల్ల బాధ్యత తలకెత్తుకోరు.

ఊరికే వస్తోంది కదా అని ఏ ఇంటికి పడితే ఆ ఇంటికి పిల్లను పంపరు. ముందు ఇంటికి వచ్చి చూస్తారు. ఇంట్లో ఉన్న పెద్దలందరితో మాట్లాడతారు, వాళ్ల గురించి విచారిస్తారు. రోటరీలోనైతే పిల్ల ఉండగా కూడా చెప్పకుండా వచ్చి చూసిపోవచ్చు. విడిగా గది లేకపోయినా ఫర్వాలేదు, ఆ ఇంటి ఆడపిల్లతో ఆడపిల్ల, మగపిల్లవాడితో మగపిల్లవాడు గది పంచుకోవచ్చు. మంచం మాత్రం విడిగా ఉండాలి. ఆ కుటుంబానికి చెందని ఒక పెద్దమనిషిని పిల్లకు సలహాదారుగా పెడతారు, ఇంట్లో చెప్పుకోలేనిది ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి. ఇదంతా విన్న మనవాళ్లు కొందరు మొదట నొచ్చుకుంటారు. పరువుగల ఇల్లు, పదిమందిలో మంచి పేరుంది, మమ్మల్నే విచారిస్తారా అంటారు. కానీ మన పిల్లను బెల్జియంలో ముక్కూముఖం తెలియని ఇంటికి పంపేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ఆ ఇల్లు ఎలాంటిదో ఎవరైనా చూశారా అనే కదా. ఈ విచారణలో ఒక్క ప్రశ్న కూడా తగ్గించకూడదు.

సర్కారు కాగితాలు సరేసరి. ఇంట్లో విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆ సమాచారం అధికారులకు అందాలి. ఏళ్ల తరబడి అందరూ ఫారం-సి అని పిలిచింది దీన్నే. హోటల్‌కైనా, రెండు గదుల ఇంటికైనా ఒకటే నియమం. ఆరు నెలలకు మించిన వీసా మీద వచ్చే విద్యార్థి పద్నాలుగు రోజుల్లోగా విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయంలో, అంటే ఎఫ్ఆర్ఆర్ఓలో, పేరు నమోదు చేసుకోవాలి. 2018 నుంచి ఈ పని చాలావరకు ఆన్‌లైన్‌లోనే అవుతోంది. పిల్ల వచ్చిన సంబరంలో మొదటి రోజు గడిచిపోతుంది కాబట్టి, అనుభవం ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, వీసా కాపీలు ముందే తెప్పించి పెట్టుకుంటారు.

అసలు కథ ఆ మర్నాడు మొదలవుతుంది.

ఇంటికి ఎవరైనా వస్తే తెలుగిల్లు ఏం చేస్తుందో అందరికీ తెలుసు. వాళ్లను కూర్చోబెట్టి కంచం ముందు పెడుతుంది. చాలు అన్నా ఇంకో గరిటె వేస్తుంది. ఎంగిలి కంచం తీయనివ్వదు, నీళ్లగ్లాసు చేతికి అందిస్తుంది, ఫ్యాను వాళ్లవైపు తిప్పుతుంది. ఇదంతా ప్రేమే. నాలుగు రోజులు ఉండి వెళ్లే చుట్టానికి ఇంతకంటే మంచి మర్యాద లేదు. పది నెలలు ఉండవలసిన పిల్లకు మాత్రం అది రోజురోజుకూ బరువవుతుంది. అందరూ ఏదో పని చేస్తుంటారు, తనొక్కతే సోఫాలో కూర్చుని ఉంటుంది. వంటింట్లోకి వెళ్తే నువ్వెందుకమ్మా వచ్చావు, వెళ్లి కూర్చో అంటారు. తన దేశంలో పన్నెండేళ్లకే గిన్నెలు కడిగిన పిల్ల, ఇక్కడ తనకు చోటు లేదేమో అనుకుంటుంది. ఇంటివాళ్లేమో ఇంత చేస్తున్నా ముఖం ముడుచుకుని గదిలో కూర్చుంటోందేమిటని బాధపడతారు. ఇద్దరి తప్పూ లేదు. మొదటి నెలలో హోస్ట్ తల్లిదండ్రులు చేయవలసిన అతి కష్టమైన పని ఈ మర్యాదను మెల్లమెల్లగా తగ్గించుకోవడం. ఆవకాయ కారాన్ని అలవాటు చేయడం దీని ముందు ఎంత?

తగ్గించుకోవడమంటే పని చెప్పడం. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, మేడ మీద ఆరేసిన బట్టలు వాన వచ్చేలోపు తెచ్చి మడతపెట్టడం, పాలప్యాకెట్లు అయిపోకముందే దుకాణానికి వెళ్లి రావడం, రాత్రి గేటు తాళం వేశారా లేదా చూసి రావడం. చిన్న పనులే, కానీ అవి రోజూ ఆ పిల్లవే అయివుండాలి. ఆమె చేయని రోజు ఎవరో ఒకరు ఇవ్వాళ బట్టలెందుకు తేలేదని అడగాలి. అలా అడిగించుకోవడమే ఆమెకు కావలసింది. ఎంగిలి కంచం తనే తీసి సింకులో పెట్టినా ఎవరూ అడ్డుపడని రోజు ఆ ఇంట్లో ఆమె కుదురుకున్నట్టు లెక్క.

తిండి సంగతి అనుకున్నంత పెద్ద సమస్య కాదు. మొదటి రెండు వారాలు కడుపు జాగ్రత్తగా చూసుకోవాలి. కాచిన నీళ్లో ఫిల్టర్ నీళ్లో ఇవ్వాలి, బండి మీది పానీపూరిని కొన్నాళ్లు ఆపాలి. పప్పు, నెయ్యి, పెరుగన్నం, జొన్నరొట్టె చాలామందికి తొందరగానే నచ్చుతాయి. పచ్చిపులుసును కొందరు గ్లాసులో పోసుకుని తాగుతారు. వానాకాలంలో వచ్చే పిల్లలు గనుక దోమల మీద మాత్రం కన్నేసి ఉంచాలి. జ్వరం రెండు రోజులు తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలి, ఇంటిదగ్గర మాత్రలతో సరిపెట్టకూడదు. వీధికుక్కలను చూడగానే ముద్దుచేయబోయే పిల్లలుంటారు. కుక్క కరిస్తే ఏం చేయాలో, అసలు కరవకుండా ఎంత దూరంలో ఉండాలో వచ్చిన వారంలోనే చెప్పాలి.

తలుపు దగ్గర వచ్చే పేచీ ఇంకొంచెం సున్నితమైనది. మన ఇళ్లలో గది తలుపు మూసుకుంటే ఏదో జరిగిందని అర్థం. అలకో, జ్వరమో, కోపమో అయివుంటుంది. ఉత్తర యూరప్ పిల్లకు మూసిన తలుపు చదువుకుంటున్నాననో, కాసేపు ఊపిరి పీల్చుకుంటున్నాననో చెప్పడానికి మామూలు గుర్తు. నానమ్మ గంటకోసారి తలుపు తీసి అన్నం తిన్నావా బిడ్డా అని అడుగుతుంది. పిల్ల ఉలిక్కిపడుతుంది. సాయంత్రం బయటికి వెళ్లడం గురించీ ఇదే చిక్కు. సొంత ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా సైకిలు మీద తిరిగిన పిల్ల, శంషాబాద్‌లో ఏడింటికే ఎక్కడున్నావని ఫోన్ వస్తే తనను నమ్మడం లేదనుకుంటుంది. ఇక్కడి రోడ్లు ఎలాంటివో ఆమెకు తెలియదు. బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతుంది, అవతల బాహ్యవలయ రహదారి మీద వాహనాలు నూరు కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంటాయి. కారణం చెప్పి పెట్టిన నియమాన్ని ఈ పిల్లలు బాగానే పాటిస్తారు. ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలవాళ్లే నాలుగు కట్టుబాట్లు పెడతారు. మద్యం ముట్టకూడదు, మత్తుమందులు ముట్టకూడదు, బండి నడపకూడదు, ప్రేమవ్యవహారాలు కూడదు. వీటి గురించి ఇంటివాళ్లు కొత్తగా వాదించాల్సిన పనిలేదు.

భాష గురించి కాస్త తీరికగా మాట్లాడుకోవాలి. ఎందుకంటే మన ఇళ్లు ఎక్కువగా నష్టం చేసేది ఇక్కడే. విదేశీ పిల్ల ఇంట్లో అడుగుపెట్టగానే అందరి నోటా ఇంగ్లీషు మొదలవుతుంది. తండ్రి ఇంగ్లీషు మాట్లాడతాడు, అక్క మాట్లాడుతుంది, పక్కింటి పిల్లలు తమ ఇంగ్లీషు పదును పెట్టుకోవడానికి వస్తారు. పాపం ఆ ఇటలీ పిల్లకు ఇంగ్లీషు కూడా పరాయి భాషే. పది నెలలయ్యాక ఆమె ఇంగ్లీషు బాగుపడి వెళ్తుంది, తెలుగు నాలుగు మాటల దగ్గరే ఆగిపోతుంది. శంషాబాద్ లాంటి చోట ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, దుకాణంలో దక్కనీ ఉర్దూ, బస్సులో సగం హిందీ, బడిలో మూడూ కలిసిన మాట. ఏది దేనికి చెందుతుందో కొత్తవాళ్లకు తెలియదు.

దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంటుంది. నానమ్మో అమ్మమ్మో ఉన్న ఇళ్లలో ఈ పిల్లలకు తెలుగు వస్తుంది. పెద్దావిడకు ఇంగ్లీషు రాదు, కాబట్టి ఆమెతో మాట్లాడాలంటే వేరే దారి లేదు. ఉప్పు తే, గ్యాసు ఆర్పు, కళ్లజోడు ఎక్కడ పెట్టాను అని ఆమె రోజుకు పదిసార్లు అవే మాటలు అంటుంది. ఒకే మాటను విసుగులేకుండా పదిసార్లు వినిపించే గురువు ఏ తరగతిగదిలోనూ దొరకదు. అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి తెలుగు నేర్చుకోవడానికి వచ్చే పరిశోధకులు విశాఖపట్నం, హైదరాబాద్‌లలో తరగతులకు కూర్చున్నారు. వాళ్లకు వ్యాకరణం తరగతిలో వస్తుంది, మాట మాత్రం కూరగాయల బండి దగ్గరా ఇంటివాళ్ల గడపలోనూ వస్తుంది. రాత్రి భోజనం వేళ ఒక్క గంట ఇంగ్లీషు మానేసినా చాలు. మొదటి వారం ఆ గంట మౌనంగా గడుస్తుంది, రెండో నెలకు నవ్వులతో నిండుతుంది.

ఇక సొంత పిల్లల మాట. ఈ ఏర్పాటులో ఎక్కువగా త్యాగం చేసేది వాళ్లే, ఎవరూ గుర్తించనిదీ వాళ్లనే. గదిలో సగం పోతుంది. ఇంటికి వచ్చే బంధువులు ఆ పిల్లతోనే మాట్లాడతారు, ఆ పిల్లతోనే ఫొటోలు దిగుతారు. అదే వయసున్న ఇంటి పిల్ల ఇంటర్మీడియట్ చదువుతుంటే పరిస్థితి మరీ కష్టం. పొద్దున్నే కాలేజీ, సాయంత్రం దాకా ఎంసెట్ కోచింగ్ ఉంటాయి. ఆ పరీక్ష పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అయింది గానీ ఒత్తిడి అదే. ఇంటికి చేరేసరికి ఆమెలో ఓపిక మిగలదు. ఎక్స్ఛేంజ్ పిల్లేమో బడి నుంచి తొందరగా వచ్చి, తన ఈడు తోడు కోసం గుమ్మంలో ఎదురుచూస్తుంది. ఒకరికి పుస్తకం తప్ప లోకం లేని ఏడు, మరొకరికి లోకం చూడడానికే వచ్చిన ఏడు. ఈ రెండూ ఒకే గదిలో ఇరుక్కుంటే తల్లి నలిగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల్లో పిల్లలున్న ఇళ్లకూ, డిగ్రీకి వచ్చిన పిల్లలున్న ఇళ్లకూ ఇది కొంత సులువు. పోటీ పరీక్ష ఉన్న ఏడు వద్దని చెప్పడానికి ఏ తల్లీ సంకోచించనక్కరలేదు. సొంత పిల్లను అప్పుడప్పుడు ఒంటరిగా బయటికి తీసుకెళ్లి, ఇంట్లో ఎలా ఉందో అడగడం కూడా హోస్ట్ తండ్రి పనే.

జూలైలో వచ్చిన పిల్లకు మొదట ఎదురయ్యే పండుగ బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, లాల్‌దర్వాజాకు సాగి, మధ్యలో ప్రతి ఊరి పోచమ్మనూ పలకరిస్తూ ఆషాఢమంతా నడుస్తాయి. డప్పు మోతకు, పోతరాజు కొరడాకు కొత్త పిల్లలు బెదురుతారు. ముందుగా చెప్పి, చేయి పట్టుకుని తీసుకెళ్లాలి. తర్వాత వినాయకచవితి, ఆ వెనకే బతుకమ్మ.

బతుకమ్మ దగ్గర ఆగాలి. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులు. ఇది కుర్చీ వేసుకుని చూసే పండుగ కాదు. తంగేడు కోసుకురావాలి, గునుగు కట్టలు విప్పి కాడలు సమానంగా కత్తిరించాలి, పూలకు రంగు అద్దాలి, తాంబాళంలో వరుస మీద వరుస పేర్చాలి. ఎన్ని చేతులుంటే అంత మంచిది కాబట్టి ఆ పొద్దు ఏ పిల్లనూ ఎవరూ కూర్చోమనరు. వేళ్లకు గునుగు రంగు అంటుకుంటుంది, లంగాఓణీ జారిపోతుంటుంది, చప్పట్లు తప్పుతాయి, పక్కనున్న పెద్దావిడ అడుగు సరిచేస్తుంది. సద్దుల రోజున చెరువు గట్టు మీద పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది పంచేటప్పుడు ఆమె కూడా వడ్డిస్తుంది. మూడు నెలలుగా ఇంటివాళ్లు మెల్లగా చేయాలనుకున్న పని ఆ తొమ్మిది రోజుల్లో దానంతటదే అయిపోతుంది. అందుకే విదేశీ పిల్లలు ఉన్న ఇళ్లు దసరా సెలవుల్లో విహారయాత్రలు పెట్టుకోకుండా ఊళ్లోనే ఉంటే మంచిది.

మామూలు ఆదివారాలకు శంషాబాద్ చుట్టుపక్కల కొదువ లేదు. నర్కుడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి, దాని పెద్ద కోనేరు ఉన్నాయి. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం ఉంది. 1920లలో కట్టిన హిమాయత్‌సాగర్ కట్ట మీద సాయంత్రపు గాలి ఉంది. ఆర్టీసీ పుష్పక్ బస్సులు విమానాశ్రయం నుంచి నగరంలోకి తిరుగుతాయి గనుక చార్మినార్ కూడా దూరమనిపించదు.

దసరా, దీపావళి సందడి తగ్గాక ఒక కాలం వస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో చాలామంది పిల్లలు డీలాపడతారు. కొత్తదనం తీరిపోతుంది, భాష ఇంకా పూర్తిగా రాదు, సొంత ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెడుతుంటారు. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్ అమెరికాలో ఉండివచ్చిన దాదాపు 200 మంది నార్వేజియన్లను అడిగి 1955లో ఒక వ్యాసం ప్రచురించారు. పరాయి దేశంలో మొదట ఉత్సాహం, తర్వాత ఒంటరితనం, ఆ తర్వాత కుదురుబాటు అన్న వరస ఆయనకు కనబడింది. అందరికీ ఇదే వరస ఉండదని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఇంట్లో పిల్ల ఉన్నవాళ్లకు ఈ లెక్కలతో పెద్ద పనిలేదు గానీ, డిసెంబరులో పిల్ల ఏడిస్తే అది తమ లోపం కాదని తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ఆ రోజుల్లో ఫోన్ పెద్ద పరీక్ష పెడుతుంది. ఒకప్పుడు ఉత్తరం అటు వెళ్లి ఇటు రావడానికి వారాలు పట్టేది, ఆలోపు బెంగ తగ్గిపోయేది. ఇప్పుడు కన్నతల్లి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. బ్రెజిల్ రాజధాని మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం అయ్యేదాకా మెలకువగా ఉంటే ఇక్కడ తెల్లవారుతుంది, పిల్ల బడిలో తూగుతుంది. ఫోన్ లాక్కోకూడదు. ఇంటికి మాట్లాడడానికి వారంలో ఒక వేళ కుదుర్చుకోమని నచ్చజెప్పాలి. కన్నవాళ్లతో కూడా ఒకసారి ఆ మాట చెప్పాలి. సముద్రాల అవతల ఉన్న ఆ తల్లి కూడా రాత్రిళ్లు నిద్రపోవడం లేదని మరిచిపోకూడదు. పది నెలల్లో ఒక్కసారైనా ఇద్దరు తల్లులూ పిల్ల లేకుండా మాట్లాడుకుంటే చాలా సందేహాలు తీరిపోతాయి.

రోటరీ పద్ధతిలో ఏడాది పొడవునా ఒకే ఇల్లు ఉండదు. రెండో ఇంటికి, వీలైతే మూడో ఇంటికీ మారుస్తారు. ఒకే దేశంలో ఇళ్లు ఒకే తీరున ఉండవని పిల్లకు తెలియాలని వాళ్ల ఉద్దేశం. శాకాహారపు ఇంటి నుంచి ఆదివారం మటన్ వండే ఇంటికి, ఉమ్మడి కుటుంబం నుంచి పదో అంతస్తు ఫ్లాటుకు ఆ పిల్ల మారుతుంది. మొదటి ఇంటివాళ్లకు ఈ మార్పు బాధగానే ఉంటుంది. అయినా ఆ నియమంలో న్యాయముంది. ఒక్క ఇంటిని చూసి తెలంగాణ అంతా ఇదేనని అనుకుని వెళ్లిపోతే నష్టం మనకే.

ఇటునుంచి అటు వెళ్లే పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002 అక్టోబరులో, ముస్లిం జనాభా చెప్పుకోదగ్గంతగా ఉన్న దేశాల హైస్కూలు విద్యార్థులు అమెరికన్ ఇళ్లలో ఉండి చదువుకునేలా అక్కడి ప్రభుత్వం 'యస్' అనే కార్యక్రమం పెట్టింది. దానికి సెనేటర్లు కెన్నెడీ, లూగర్‌ల పేర్లు పెట్టారు. ఆ దేశాల జాబితాలో మనదీ ఉంది, ఎంపికలో ఏఎఫ్ఎస్ ఇండియా పాలుపంచుకుంది. హైదరాబాద్ పాతబస్తీ బడిలో చదివిన పిల్ల, అమెరికాలోని ఏదో చిన్న ఊళ్లో మంచు ఎత్తిపోస్తూ ఒక కుటుంబంలో భాగమైపోవడం అలా సాధ్యమైంది. అక్కడి తల్లి కూడా ఇదే కుస్తీ పడుతుంది. ఈ పిల్ల తనంతట తాను ఫ్రిజ్ తెరిచి తినదేమిటి, పెట్టేదాకా ఎందుకు ఆగుతుంది అని ఆమె ఆలోచన. మన ఇళ్లలో పెద్దలు పెడితేనే తినే అలవాటు ఆమెకు తెలియదు.

తిరుగు ప్రయాణం ముందు నెల బరువులతో గడుస్తుంది. వచ్చేటప్పుడు ఒక సూట్‌కేసుతో వచ్చిన పిల్ల దగ్గర ఇప్పుడు చీరలు, గాజులు, సకినాల డబ్బా, స్నేహితురాళ్లు సంతకాలు పెట్టిన స్కూలు చొక్కా ఉంటాయి. మేడ మీద త్రాసు పెట్టి తూచి, తీసి, మళ్లీ సర్దుతారు. ఆవకాయ సీసా చేతిసంచిలో వద్దనీ, గట్టిగా మూతబిగించి పెద్ద పెట్టెలోనే వేయాలనీ, దిగాక ఆ దేశపు కస్టమ్స్‌వాళ్లకు తినుబండారాలున్నాయని నిజం చెప్పాలనీ ఇంటి తండ్రి మళ్లీ మళ్లీ చెబుతాడు. వెళ్లిన తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో ఒక కంచం ఎక్కువే పెడుతుంటారు. కొన్ని కుటుంబాలు పెళ్లిళ్లకు రాకపోకలు పెట్టుకుంటాయి, కొన్ని పండుగ పలకరింపులతో ఆగిపోతాయి.

ఇది వింటున్నవారిలో ఎవరికైనా ఒక పిల్లను ఇంట్లో పెట్టుకోవాలనిపిస్తే, ఇల్లు పెద్దది కానక్కరలేదు, ఇంగ్లీషు గొప్పగా రానక్కరలేదు. ఒక మంచం, వెళ్లిరావడానికి వీలైన దూరంలో ఒక బడి, ఇంట్లో అందరి ఒప్పుదల ఉంటే చాలు. పిల్లలు బడులు తెరిచే వేళకు వస్తారు గనుక ఇళ్ల వెతుకులాట అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతుంది. దగ్గర్లోని రోటరీ క్లబ్బులో గానీ, ఏఎఫ్ఎస్ ఇండియా వాలంటీర్ల దగ్గర గానీ అడగవచ్చు. వాళ్లు ఇల్లు చూడడానికి వచ్చేలోపు మాత్రం, ఎవరి గదిలో ఆ రెండో మంచం పడుతుందో ఆ అమ్మాయినో అబ్బాయినో కూర్చోబెట్టి, నీకిష్టమేనా అని అడగండి. వద్దంటే ఆ ఏడాదికి ఆగండి.